గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొనొచ్చు, డిస్కులు ముందు కొనండి

ప్రశ్న: విశాఖ పెదవాల్తేరులో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూ నెలకు రెండు పెళ్లిళ్లో ఫంక్షన్లో తీస్తాను. ఆదివారాలు కంబాలకొండ వైపు పక్షుల ఫొటోలకు వెళ్తాను. కెమెరా 24 మెగాపిక్సెల్. ఇంట్లో ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్, ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ తెరిస్తే నత్తనడకే. ఫొటోలన్నీ కలిపి 2 టీబీ దాకా ఉంటాయి, మూడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. అందులో ఒకటి ఈమధ్య టక్‌టక్‌మంటోంది. ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు కొటేషన్ ఇచ్చారు: ఐ7-14700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్కు, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్, లైట్లున్న గేమింగ్ క్యాబినెట్. నా బడ్జెట్ రూ.1,20,000, అంతకు మించి పెట్టలేను. మ్యాక్ మినీ తీసుకో, గొడవ ఉండదు అని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: కొటేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ టక్‌టక్‌మనే డిస్కు ఆపండి.

ఆ శబ్దం చాలావరకు లోపలి హెడ్లు పళ్లెం మీద గుర్తు దొరక్క, వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్ల వస్తుంది. ఒకసారి మొదలయ్యాక తగ్గదు. డిస్కు తిరిగే ప్రతి నిమిషం నష్టం పెరిగే అవకాశమే. కాబట్టి ఏముందో చూద్దామని రోజూ పెట్టి తీయకండి. ఇంకా తెరుచుకుంటుంటే ఒకే ఒక్కసారి పెట్టండి. ఫోల్డర్లు తెరిచి థంబ్‌నెయిల్స్ చూస్తూ కూర్చోకుండా, పార్టీకి ఇంకా ఇవ్వని ఫొటోలు ముందు, వేరే ఎక్కడా కాపీ లేనివి తర్వాత, ఒక్కో ఫోల్డర్ చొప్పున బయటికి తీసేయండి. డిస్కు మొత్తాన్ని ఒకేసారి లాగి వదిలితే, పాడైన ఒక్క ఫైలు దగ్గర గంటలకొద్దీ ఇరుక్కుపోతుంది. విండోస్ ఫార్మాట్ చేయమని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్కు తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ నడపొద్దు, అది చచ్చిపోతున్న డిస్కు మీద మళ్లీ రాస్తుంది.

అసలు తెరుచుకోకపోతే మాత్రం కరెంటు తీసేసి పక్కన పెట్టండి. క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న డేటా రికవరీ వాళ్లకు తప్ప ఎవరికీ మూత విప్పనివ్వకండి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా అసలొద్దు, మన ఊరి తేమలో బయటికి తీయగానే నీటి చుక్కలు పట్టేస్తాయి. పైన ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి లోపలి డిస్కును నేరుగా కంప్యూటర్‌కి పెడతామనే షాపులుంటాయి. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, ఆ బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. బోర్డు మారితే అంతే సంగతులు.

మిగతా రెండు డిస్కులను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. డిస్కులో పాడైన చోట్లను లెక్కపెట్టే 05, సీ5, సీ6 అనే మూడు వరుసల్లో రా వాల్యూ సున్నా ఉండాలి. మామూలుగా ఈ అంకెలు హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, ఫంక్షన్ మెనూలో డెసిమల్‌కి మార్చుకోవచ్చు. సీ5లో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్కు నుంచి ఈరోజే ఫొటోలు దించేసుకోండి.

ఇక లెక్క. 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైల్ (జేపెగ్‌గా మార్చని అసలు ఫైలు) సుమారు 30 ఎంబీ వేసుకోండి. ఒక ఫంక్షన్‌కి 2,000 ఫ్రేములంటే 60 జీబీ. నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 ఫంక్షన్లు, దాదాపు 1.4 టీబీ. పక్షుల దగ్గర బర్స్ట్ నొక్కితే ఎన్నొస్తాయో మీకు తెలుసు. ఏరేశాక వారానికి 400 మిగిలినా ఏడాదికి మరో 600 జీబీ. మొత్తం ఏడాదికి 2 టీబీ. షాపువాళ్లు రాసిచ్చిన 1 టీబీ డిస్కు మీకు ఆరు నెలలు వస్తుంది, అదీ పాత 2 టీబీ దానిలో పెట్టకపోతేనే. ఫొటోల కోసం అని మీరు చెప్పి అడిగినా గేమింగ్ కంప్యూటర్ కొటేషనే ఇచ్చారని ఈ ఒక్క వరుస చూస్తే తెలిసిపోతుంది.

అందుకే మా మాట ఇది: ఈ బడ్జెట్‌లో 5060 కార్డును ఇప్పటికి బిల్లులోంచి తీసేయించండి. ఆ డబ్బు డిస్కులకీ మానిటర్‌కీ పెట్టండి. కార్డు పనికిరాదని కాదు. దాన్ని ఆరు నెలల తర్వాత పది నిమిషాల్లో బిగించుకోవచ్చు. ఈ ఆరు నెలల్లో డిస్కు పోతే పోయిన ముహూర్తం ఫొటోలను ఏ కార్డూ తీసుకురాదు.

కార్డు నిజంగా ఎక్కడ పని చేస్తుందో తెలిస్తే మీరే నిర్ణయించుకోవచ్చు. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, క్రాప్ లాంటి రోజువారీ పనికి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. కార్డు తేడా కనిపించేది ఫొటోలో గరుకును తీసేసే ఏఐ డీనాయిజ్ దగ్గర. పొద్దున్నే చెట్ల నీడలో ఐఎస్ఓ 6400లో తీసిన పక్షి ఫొటోకి మీరు వాడేది అదే. 8 జీబీ కార్డుతో సెకన్లలో అయ్యే పని, కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకి నిమిషాల కొద్దీ పడుతుంది. పెళ్లి ఫొటోలు రెండు వేలకూ డీనాయిజ్ వేసే అలవాటుంటే కార్డు లేకుండా కుదరదు. ఏరిన పదిహేను ఇరవై పక్షుల ఫొటోలకైతే రాత్రి అన్నీ సెలెక్ట్ చేసి డీనాయిజ్ పెట్టి పడుకోండి, తెల్లారేసరికి అయిపోయి ఉంటాయి. వేగం పూర్తిగా రావాలంటే కార్డులో 8 జీబీ మెమరీ గానీ, లేదంటే ర్యామ్‌లోంచి పంచుకునే 16 జీబీ గానీ ఉండాలని లైట్‌రూమ్ తయారుచేసే అడోబీ చెబుతుంది. విండోస్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి ర్యామ్‌లో సగం దాకా పంచుతుంది. అంటే 32 జీబీ ర్యామ్ వేయిస్తే ఆ 16 జీబీ లెక్క కుదురుతుంది.

కార్డు తీసేస్తే ప్రాసెసర్ కూడా మార్చాలి, ఇది మర్చిపోవద్దు. 14700ఎఫ్‌లో చివరి ఎఫ్ అంటే దానిలో గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. దాని బదులు ఐ5-14500 అడగండి. ఆరు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు, లోపలే గ్రాఫిక్స్. ఫొటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదే నడుస్తాయి, అక్కడ ఐ7కీ దీనికీ తేడా మీకు పెద్దగా తెలియదు. వెయ్యి ఫొటోలు జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఐ7 ముందుంటుంది, ఆ టైములో మీరు టీ తాగొచ్చు. పైగా 14700ని హెచ్610 బోర్డు మీద పెట్టడం కొటేషన్‌లో అన్నిటికంటే పెద్ద పొరపాటు. పూర్తి లోడు పడితే ఆ ప్రాసెసర్ 200 వాట్లు దాటి లాగుతుంది. చౌక బోర్డు అంత కరెంటు ఎక్కువసేపు ఇవ్వలేక వేగం తగ్గించేస్తుంది, అంటే ఐ7కి పెట్టిన డబ్బు అక్కడే ఆవిరి. బీ760 బోర్డు తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ బిగించే ఎం.2 స్లాట్లు కనీసం రెండు ఉన్న మోడల్ చూడండి. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ వల్ల వచ్చిన అస్థిరత సమస్యకు 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు వచ్చాయి. అవి బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్ బయాస్‌తోనే వస్తాయి, కాబట్టి బయాస్ తాజాది వేసి ఇమ్మని షాపులోనే అడిగి వేయించుకోండి.

ర్యామ్ 32 జీబీ, 16 చొప్పున రెండు స్టిక్కులు. ఎందుకంత అంటే మీ ఆల్బమ్ షీటే చెబుతుంది. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 3,600×10,800 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. 8 బిట్‌లో పూర్తి సైజు లేయర్ ఒక్కటే 117 ఎంబీ, 16 బిట్‌లో అయితే 233 ఎంబీ. దాని మీద బ్యాక్‌గ్రౌండ్, ఎనిమిది ఫొటోలు, మాస్కులు, నీడలు, మళ్లీ ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇది ర్యామ్‌లో పట్టక స్క్రాచ్ డిస్కు (ర్యామ్ బదులు వాడే డిస్కు చోటు) మీదికి పోతుంది, మీరు చూస్తున్న నత్తనడక అదే. 32 ఇప్పుడు డబ్బుకి అందకపోతే 16 స్టిక్ ఒకటే వేయించి, అదే మోడల్ రెండోది తర్వాత కొనండి. 8 చొప్పున రెండు మాత్రం వేయించొద్దు, రెండే స్లాట్లున్న బోర్డైతే పెంచాలనుకున్న రోజు వాటిని తీసి పారేయాల్సి వస్తుంది.

డిస్కులు ఇలా. విండోస్, ప్రోగ్రాములు, లైట్‌రూమ్ క్యాటలాగ్ (మీ ఎడిట్ల వివరాలుండే ఫైలు), ప్రివ్యూలు, ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న రెండు మూడు ఫంక్షన్లు, ఇవన్నీ 1 టీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాట్‌లో పెట్టే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ మీద. పని అయిపోయిన ఫొటోలన్నీ లోపల బిగించిన 8 టీబీ హార్డ్ డిస్కు మీదికి. లైట్‌రూమ్ వేగం క్యాటలాగ్, ప్రివ్యూలు ఎక్కడున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది గానీ, పాత ఫొటోలు మామూలు హార్డ్ డిస్కు మీదున్నా ఇబ్బంది లేదు. అన్నీ ఎస్‌ఎస్‌డీలోనే పెట్టుకోవాలన్న సలహా మీ జేబుకి పనికిరాదు.

8 టీబీ అని ఊరికే అడిగితే షాపులో చవకగా దొరికేది ఇస్తారు. హార్డ్ డిస్కుల్లో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాలున్నాయి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒక ట్రాకు మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. అందుకే 200 జీబీ కాపీ పెడితే మొదట బాగానే పోయి, సగంలో వేగం కుప్పకూలుతుంది. సీగేట్ బర్రాకుడా 8 టీబీ ఎస్‌ఎంఆర్. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ 8 టీబీ, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ సీఎంఆర్. రోజూ వాడే లోపలి డిస్కు సీఎంఆర్ కావాలి. వారానికోసారి బ్యాకప్ తీసుకునే బయటి డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా నెమ్మదిగా పని కానిస్తుంది.

రెండో కాపీకి ఇంకో 8 టీబీ, బయట పెట్టే రకం. ఈ మూడు డిస్కుల ఖర్చు చూసి వెనక్కి తగ్గొద్దు, కార్డు తీసేయించింది వీటి కోసమే. మూడో కాపీకి కొత్తది కొనక్కర్లేదు. పాత పోర్టబుల్ డిస్కులు రెండూ పరీక్షలో బాగున్నాయని తేలితే, ఏరిన రా ఫైళ్లు, పూర్తయిన జేపెగ్‌లు, ఆల్బమ్ పీఎస్‌డీలు వాటిలో పెట్టి ఊరి బయటికి పంపేయండి.

ఊరి బయట అనేది మన దగ్గర మాటవరసకు చెప్పే సలహా కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. విజయనగరం, శ్రీకాకుళం కూడా దెబ్బతిన్నాయి. విజయనగరంలో అత్తగారింట్లో కాపీ పెట్టుకుంటే ఇంటి దొంగతనం నుంచి కాపాడుతుంది, తుఫాను నుంచి కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువుల దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకుని, పండక్కి వచ్చినప్పుడల్లా మార్చుకోండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచితో పెట్టండి. క్లౌడ్ అంటారా, లెక్క చూసుకోండి: అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ ఉంటే 1 టీబీ పంపడానికి ఆగకుండా 55 గంటలు. ఫైనల్ జేపెగ్‌లకు క్లౌడ్ బాగుంటుంది, రా ఫైళ్లన్నిటికీ మీ స్థాయిలో వద్దు.

బ్యాకప్‌కి ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది, ఉచితం. మిర్రర్ పద్ధతి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: ఇక్కడ పొరపాటున ఫోల్డర్ డిలీట్ అయితే అక్కడా డిలీట్ చేసేస్తుంది. సెట్టింగుల్లో డిలీట్ అయినవాటిని వేరే ఫోల్డర్‌లోకి తరలించే వెర్షనింగ్ ఆన్ చేయండి. రన్ నొక్కే ముందు ఎన్ని ఫైళ్లు తొలగిస్తుందో చూపిస్తుంది, ఆ అంకె వందల్లో ఉంటే ఆగి చూడండి. బ్యాకప్ అయ్యాక బయటి డిస్కు కేబుల్ తీసేయండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్ వచ్చినా పిడుగు పడినా రెండు కాపీలూ కలిసే పోతాయి. లైట్‌రూమ్ తన క్యాటలాగ్ బ్యాకప్‌ను మామూలుగా క్యాటలాగ్ పక్కనే, అదే డిస్కులో పెడుతుంది. బ్యాకప్ అడిగే కిటికీలో ఆ చోటును హార్డ్ డిస్కు మీదికి మార్చండి, లేకపోతే ఎస్‌ఎస్‌డీ పోయిన రోజు రెండూ పోతాయి.

పెళ్లి నుంచి వచ్చిన రాత్రి కెమెరా మెమరీ కార్డు ఖాళీ చేసే తొందర వద్దు. ఎస్‌ఎస్‌డీలోకి ఒకటి, హార్డ్ డిస్కులోకి ఒకటి, రెండు కాపీలు టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రామ్‌లో వెరిఫై పెట్టి చేయండి. 64 జీబీ కార్డు మంచి రీడర్‌తో పన్నెండు నిమిషాల పని. అదే పాత యూఎస్‌బీ 2 రీడర్ అయితే అరగంట, కాబట్టి రీడర్ దగ్గర పిసినారితనం చేయొద్దు. తర్వాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు.

మానిటర్ సంగతి. కొటేషన్‌లో 22 అంగుళాల ఎల్‌ఈడీ అని మాత్రమే ఉంది, మోడల్ నంబరు లేదు. నంబరు లేని మానిటర్ కొనొద్దు. చవక ప్యానెళ్లలో చాలావాటిలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగులను కొలిచే ఒక ప్రమాణం) అని రాసి ఉంటుంది. అది ఫొటోలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపదు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర ఆ తెర మీద ఇటుక రంగులో కనిపిస్తుంది. మీరు చాలట్లేదని శాచురేషన్ పెంచుతారు. ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చేసరికి ఎరుపు ముద్దగా మారి చీర మడతలు, జరీ గీతలు కలిసిపోతాయి. తప్పు ల్యాబ్‌ది కాదు. మంగళస్నానం ఫొటోల్లో పసుపు కూడా ఇంతే.

ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, ఈ రెండూ ఉండాలి. అసూస్ ప్రోఆర్ట్‌లో 27 అంగుళాల పీఏ278క్యూవీ 2560×1440, అది అందకపోతే 24 అంగుళాల పీఏ248క్యూవీ 1920×1200. ఫొటోలకు రెండూ నమ్మదగినవే. గేమింగ్ మానిటర్ల 165 హెర్ట్జ్ మీకు అక్కర్లేదు. అడోబీ ఆర్‌జీబీ మొత్తం చూపే ఖరీదైనవీ ఇప్పుడొద్దు, మీ ల్యాబ్ తీసుకునేది ఎలాగూ ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే.

తెచ్చాక బ్రైట్‌నెస్ తగ్గించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేస్తే ఎడిట్ చేసిన ఫొటో తెర మీద వెలిగిపోతుంది, ప్రింటు మాత్రం నల్లగా వస్తుంది. 100 నుంచి 120 నిట్స్ (తెర వెలుగు కొలత) దగ్గర ఉంచాలి. తెర రంగులు కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ ఉంటే అదే సెట్ చేస్తుంది, స్పైడర్ గానీ కాలిబ్రైట్ గానీ. ముగ్గురు నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొని నెలకోసారి తిప్పుకుంటే చాలు. అది లేని లోపు ఒక పని చేయండి: ఒంటి రంగు, ఎరుపు, తెలుపు మూడూ ఉన్న ఒక ఫొటోని ల్యాబ్‌లో ఏ కరెక్షనూ వద్దని చెప్పి ప్రింటు తీయించి, దాన్ని తెర పక్కన పెట్టి బ్రైట్‌నెస్ సరిచూసుకోండి. కిటికీ వెలుగు తెర మీద పడకూడదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెట్టినప్పుడు నలుపు బూడిద రంగులో కనిపిస్తే మానిటర్ పాడైనట్టు కాదు. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో లిమిటెడ్ రేంజ్ పడి ఉంటుంది, ఫుల్ చేయండి.

మ్యాక్ మినీ చెడ్డ సలహా కాదు. ఎం4 మోడల్ 16 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది. చిన్నది, చల్లగా ఉంటుంది, కరెంటు తక్కువ, రంగుల దగ్గర చిక్కులూ తక్కువ. కానీ ర్యామ్ తర్వాత పెంచలేరు, లోపల హార్డ్ డిస్కుకి చోటు లేదు, 256 జీబీతో వచ్చే దానికి మీ డిస్కులన్నీ బయటే వేలాడాలి. మరో విషయం మీ ఫ్రెండ్ ఆలోచించి ఉండరు. ఆల్బమ్ షీట్ల మీద తెలుగు పేర్లు మీరు అను ఫాంట్లతో వేస్తుంటే అది విండోస్ ప్రోగ్రామ్, మ్యాక్‌లో మీ పాత పద్ధతి నడవదు. యూనికోడ్ తెలుగు వాడితే ఏ కంప్యూటరైనా ఒకటే. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకొస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ ఆప్షన్ ఎంచుకుని, కొత్త ఫైలులో మళ్లీ టైప్ చేయండి. పక్షుల ఫొటోలు మాత్రమే ఉండి, ఆల్బమ్ పని లేకపోతే మేమూ మ్యాకే అనేవాళ్లం.

పెదవాల్తేరు కాబట్టి ఉప్పుగాలి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తనే నీరు పీల్చుకుని కరుగుతుంది. సముద్రం వైపు నుంచి వచ్చి బోర్డు మీద, ర్యామ్ కాళ్ల మీద, పోర్టుల్లో పడిన ఉప్పు అలాగే తడిగా మారి లోహాన్ని తింటుంది. దుమ్ము దానికి తోడైతే ఆ తడి నిలబడిపోతుంది. వన్‌టౌన్ వైపు ఇళ్లలో ఓడరేవు నల్లదుమ్ముతో వచ్చేదీ ఇదే బాధ. కంప్యూటర్ ఆన్ అయ్యి ఫ్యాన్లు తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోవడం, మధ్యలో నీలం తెర పడటం, ముందువైపు యూఎస్‌బీలో డిస్కు కనిపించి మాయమవడం, ఇవన్నీ మొదటి సూచనలు.

ఏం చేయాలి? క్యాబినెట్ సముద్రం వైపు కిటికీకి ఎదురుగా వద్దు, నేల మీద వద్దు. లైట్లున్న గాజు క్యాబినెట్ బదులు ముందు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది అడగండి. ఫిల్టర్ నెలకోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. వారాలపాటు ఆఫ్‌లో ఉంచొద్దు, రెండు రోజులకోసారైనా గంటసేపు నడిస్తే లోపలి వేడికి తేమ పోతుంది. ఏసీ గదిలో చల్లబడిన కంప్యూటర్‌కి ఎదురుగా ఒక్కసారిగా కిటికీలు తెరవకండి. ర్యామ్ సరిగా పట్టకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో అందరూ చేసేదే. ఒకసారి పనిచేస్తుంది, కానీ ఆ బంగారు పూత చాలా పల్చన. రుద్దిన కొద్దీ అది పోయి, అడుగు లోహం ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ తీసుకెళ్లి వాటితో తుడవమనండి.

కరెంటు విషయంలో 650 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్) పవర్ సప్లై ఇప్పుడే వేయించండి, రేపు కార్డు పెట్టినా మార్చక్కర్లేదు. యూపీఎస్ 1,000 వీఏ, అంటే 600 వాట్ల రకం. మానిటర్, బయటి డిస్కు కూడా దానికే తగిలించాలి. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే ముందు దెబ్బతినేది లైట్‌రూమ్ క్యాటలాగే. ఇంటి ఇన్వర్టర్ ఉందని యూపీఎస్ మానేయొద్దు, మామూలు మోడ్‌లో అది మారే లోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ఇంటి ఎర్తింగ్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలవడం ముందు, కంప్యూటర్ తర్వాత.

పాత ల్యాప్‌టాప్ అమ్మకండి. పెళ్లి మండపంలో కార్డులు ఖాళీ చేయడానికి అది చాలు. దానిలో విండోస్ 10 ఉంటే 2025 అక్టోబర్ 14తో దాని ఉచిత సపోర్టు ముగిసింది, 11కి మార్చండి, మారకపోతే ఇంటర్నెట్ లేకుండా వాడండి.

ఇంక డెలివరీ రోజు. షాపువాళ్లు ఫొటోషాప్ అన్నీ వేసి ఇస్తామంటే వద్దనండి. దొంగ కాపీల వెంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్‌లు వస్తాయి. నెలకు కట్టలేకపోతే ఇవే పనులు చేసే డార్క్‌టేబుల్, గింప్ ఉచితమే, నేర్చుకోవడానికి ఓపిక కావాలి అంతే. విండోస్‌ని మీ ఈమెయిల్‌తోనే మొదలుపెట్టండి. విండోస్ 11 చాలాసార్లు డిస్కును అడక్కుండానే ఎన్‌క్రిప్ట్ చేసి, 48 అంకెల రికవరీ కీని ఆ ఎకౌంట్‌లో దాస్తుంది. షాపు కుర్రాడి ఈమెయిల్‌తో మొదలుపెట్టి ఉంటే రేపు మీ ఫొటోల తాళం అతని దగ్గర ఉన్నట్టు. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

బిల్లు జీఎస్టీతో, ప్రతి భాగం సీరియల్ నంబరుతో ఉండాలి. డిస్కుల నంబర్లను కంపెనీ సైట్‌లో కొట్టి మన దేశంలో వారంటీ ఉందో లేదో అక్కడే చూడండి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 32 జీబీ, రెండు స్లాట్లు నిండినట్టు కనిపించాలి. దాని వేగం స్టిక్కు మీద రాసినదానికంటే తక్కువ చూపిస్తే బయాస్‌లో ర్యామ్ వేగం సెట్టింగు ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించండి. 8 టీబీ డిస్కు విండోస్‌లో 7.27 టీబీ అని కనిపిస్తుంది, మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. ఆఖరున క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి డిస్కులు ఎన్ని గంటలు నడిచాయో చూడండి. కొత్తదైతే సున్నా, మహా అయితే అసెంబ్లింగ్ చేసిన ఒకటి రెండు గంటలు. ఆ అంకె వందల్లో ఉంటే కొత్త డిస్కు ఇచ్చేదాకా బ్యాలెన్స్ డబ్బు ఇవ్వకండి.